ఒకే భాష, రెండు బడులు: 1952 వరంగల్ ముల్కీ ఆందోళనలో భాష పాత్రపై ఒక పరిశీలన

1952 జులై, ఆగస్టు నెలల్లో వరంగల్‌లో విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానికులకు దక్కకుండా బయటి ప్రాంతాల వారికి పోతున్నాయన్నది వాళ్ల ఫిర్యాదు. కొద్ది వారాల్లోనే ఆ ఆందోళన హన్మకొండ, ఖమ్మం, మహబూబాబాద్ మీదుగా హైదరాబాద్ చేరింది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ, దాని పరిసరాల్లో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. చరిత్రలో అది 'ముల్కీ ఉద్యమం'గా నిలిచింది; ముల్కీ అంటే స్థానికుడు, గైర్ ముల్కీ అంటే స్థానికేతరుడు. 1969లో, 2009 తర్వాత సాగిన పోరాటాలకు అదే తొలి మెట్టని చాలామంది చెబుతారు.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఒక్కటే. వచ్చినవారికీ ఉన్నవారికీ మధ్య రాజుకున్న ఆ ఘర్షణలో భాష పాత్ర ఎంత? దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఇరువైపులా తెలుగువాళ్లే కాబట్టి భాషకు ఇందులో చోటు లేదనీ, అది ఒట్టి ఉద్యోగాల గొడవేననీ ఒక జవాబు. తెలంగాణ మాటతీరును ఎగతాళి చేసినందువల్లే మనసులు విరిగాయనీ, అదే అసలు కారణమనీ రెండో జవాబు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఏదీ ఒంటరిగా ఆధారాలకు పూర్తిగా సరిపోదు. నాకు తోచింది మూడో జవాబు. వరంగల్‌లో ఘర్షణకు దారితీసింది రెండు భాషల మధ్య దూరం కాదు. ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండు వేర్వేరు భాషల బడుల్లో చదివి రావడం, ఆ రెండు చదువుల్లో దేనికి విలువ ఉంటుందో ప్రభుత్వం ఉన్నట్టుండి మార్చేయడం. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో కింద పరిశీలిద్దాం.

ఆధారాలు, వాటి బరువు

ఈ విషయంపై మన దగ్గరున్న ఆధారాలు మూడు రకాలు. మొదటివి ప్రభుత్వ పత్రాలు: ముల్కీ నిబంధనల పాఠం, 1955 నాటి రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, సుప్రీంకోర్టు తీర్పులు. రెండోవి పండితుల అధ్యయనాలు. హైదరాబాద్‌లో ముల్కీ, గైర్ ముల్కీ వైరంపై కరెన్ లెనార్డ్ 1978లో రాసిన వ్యాసం, ముల్కీ నిబంధనలపై కె.వి. నారాయణరావు చేసిన అధ్యయనం, భారతదేశంలో 'భూమిపుత్రుల' ఉద్యమాలపై మైరన్ వీనర్ 1978లో ప్రచురించిన పుస్తకం ఇందులో ముఖ్యమైనవి. మూడోవి జ్ఞాపకాలు. విద్యార్థిగా ఆ ఉద్యమంలో పాల్గొన్న ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ మాటలు 'వొడువని ముచ్చట'లో ఉన్నాయి. కాల్పులపై విచారణ జరిపిన జస్టిస్ పింగళి జగన్‌మోహన్‌రెడ్డి తన ఆత్మకథ రాసుకున్నారు.

వీటన్నిటికీ ఒకే బరువు ఇవ్వకూడదు. నిబంధన ఏ తేదీన ఏం చెప్పిందో పత్రం ఖచ్చితంగా చెబుతుంది. ఆ నిబంధన జనాన్ని ఎలా తాకిందో అది చెప్పదు. జ్ఞాపకం ఆ బాధను చెబుతుంది. కానీ దశాబ్దాల తర్వాత చెప్పిన జ్ఞాపకంలో, మధ్యలో జరిగిన 1969 నీడ కూడా పడుతుంది. అందుకే తేదీలకూ షరతులకూ పత్రాలనూ, అవమానపు అనుభవానికి జ్ఞాపకాలనూ ఆధారం చేసుకున్నాను. రెండూ కలిసిన చోట మాత్రమే గట్టిగా మాట్లాడాను.

ముల్కీ ఎవరు: 1952కు ముందు డెబ్బై ఏళ్లు

ముల్కీ సమస్యను తెలంగాణకూ ఆంధ్రకూ మధ్య తగాదాగానే చూడడం మనకు అలవాటు. చరిత్ర అంతకంటే పాతది. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉండి నిజాం పాలనా వ్యవస్థను సంస్కరించాడు. ఆ పనికి ఉత్తర భారతదేశం నుంచి చదువుకున్న అధికారులను రప్పించాడు. అప్పటిదాకా ఫారసీలో సాగిన పాలన 1880ల్లో ఉర్దూలోకి మారింది. ఉర్దూ అధికార భాష కాగానే, ఆ భాషలో ఆరితేరిన ఉత్తరాది వారికి హైదరాబాద్ కొలువుల తలుపులు ఇంకా బాగా తెరుచుకున్నాయి. దక్కనీ మాట్లాడే పాత కుటుంబాలు, ఫారసీ చదువుతో ఎదిగిన స్థానికులు వెనకబడ్డారు. 'ముల్కీ', 'గైర్ ముల్కీ' అనే విభజన పదునెక్కింది ఆ కాలంలోనే. కరెన్ లెనార్డ్ అధ్యయనం ప్రధానంగా ఈ దశ గురించే.

అప్పుడు కూడా ఇరువైపులా దగ్గరి భాషలే. దక్కనీ, ఉత్తరాది ఉర్దూ ఒకే కుదురువి. అయినా వైరం వచ్చింది. మాటలో తేడా కొంచెమే. చదువులో, పలుకుబడిలో తేడా చాలా ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయడానికి ఏర్పడిన అనువాద సంస్థలోనూ ఉత్తరాది పండితులు పనిచేశారు. హాపూర్‌లో పుట్టిన మౌల్వీ అబ్దుల్ హక్ వారిలో పేరుపొందినవాడు.

1919 నాటి ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడ్డాయి. వాటి ప్రకారం ముల్కీ అనిపించుకోవాలంటే పుట్టుకతోనే హైదరాబాద్ రాజ్య ప్రజ అయి ఉండాలి. లేదా పదిహేనేళ్లు స్థిరనివాసం ఉండి, పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని మెజిస్ట్రేట్ ధ్రువీకరించిన ప్రమాణపత్రం ఇవ్వాలి. తండ్రి పదిహేనేళ్ల సర్కారు నౌకరీ పూర్తిచేసి, బిడ్డ పుట్టే నాటికి కొలువులో ఉన్నా ఆ బిడ్డ ముల్కీయే. ముల్కీని పెళ్లాడిన స్త్రీ కూడా ముల్కీయే. ఈ షరతుల్లో భాష ఊసు ఎక్కడా లేదు. మతం ఊసూ లేదు. బయటివాడు కూడా కాలం గడిచేకొద్దీ ఇక్కడివాడు కావచ్చన్న అవకాశం ఆ నిబంధనలోనే ఉంది. వ్యాసం చివర దీని దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

ఈ కాలమంతా తెలుగు మాట్లాడే సామాన్యుల స్థానం ఏమిటి? 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో దాదాపు సగం మంది తెలుగు, నాలుగో వంతు మరాఠీ మాట్లాడేవారు. కన్నడం, ఉర్దూ పదో వంతుకు కాస్త ఎక్కువ చొప్పున ఉండేవి. జనంలో సగం మాట్లాడే తెలుగుకు కచేరీలో చోటు లేదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసింది. హన్మకొండలో 1904లోనే రాజరాజనరేంద్ర భాషానిలయం వెలసింది. అంటే 1952 నాటి వరంగల్ యువకులు తెలుగు అభిమానం లేని గడ్డ మీద పుట్టినవారు కారు. తెలుగు కోసం పెద్దలు పడిన పాట్లు వాళ్లకు తెలుసు. కానీ వాళ్ల పై చదువు మాత్రం ఉర్దూలో సాగింది.

1948 తర్వాత మారిన అర్హత

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. మొదట మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలన, 1950 నుంచి ఎం.కె. వెల్లోడి పాలన నడిచాయి. పాలన నడపడానికి మద్రాసు, బొంబాయి తదితర ప్రాంతాల నుంచి అధికారులను, సిబ్బందిని రప్పించారు. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు బోధనా మాధ్యమం అయింది. బడుల్లో మాతృభాషకు చోటు పెరిగింది.

ఈ మార్పు న్యాయమైనదే. తెలుగు పిల్లలు తెలుగులో చదువుకోవాలన్నది ఇక్కడి పెద్దలు మూడు దశాబ్దాలుగా కోరుతున్నదే. కానీ దాని వెంట ఒక చిక్కు వచ్చింది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పాఠం చెప్పగల ఉపాధ్యాయులు కావాలి. ఉర్దూలో పట్టా పుచ్చుకున్న వరంగల్ యువకుడు తెలుగు మాట్లాడగలడు. రాతలో, వ్యాకరణంలో అతనికి అంత తర్ఫీదు లేదు. ఇంగ్లీషు కూడా అంతంతే. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో చదివిన యువకుడికి ఆ రెండూ ఉన్నాయి. 1951లో హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతం లోపే. అంటే చదువుకున్న ఆ కొద్దిమందికీ సర్కారు కొలువు తప్ప వేరే దారి దాదాపు లేదు. సరిగ్గా ఆ కొలువుకే కొత్త అర్హత వచ్చిపడింది.

వచ్చిన ఉపాధ్యాయులకు కూడా న్యాయం చేయాలి. వాళ్లు గద్దె మీద కూర్చోడానికి రాలేదు. చాలామంది చిన్న జీతానికి ఊరు వదిలి వచ్చిన దిగువ మధ్యతరగతి మనుషులు. వాళ్లు చెప్పిన పాఠాలతో ఎదిగిన పిల్లలు వరంగల్ జిల్లాలో ఎందరో ఉన్నారు. నియామకం తప్పో ఒప్పో చర్చించవచ్చు. ఆ ఉద్యోగం చేసిన మనిషిని దోషిగా నిలబెట్టడానికి ఆధారం లేదు.

వరంగల్, 1952

1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రజలు ఎన్నుకున్న తొలి ప్రభుత్వం ఏర్పడింది. ఫిర్యాదు చెప్పుకుంటే వినే సర్కారు వచ్చిందన్న ఆశ కూడా దాంతో పాటే పుట్టింది. అదే ఏడు వేసవి తర్వాత వరంగల్ విద్యాశాఖలో బదిలీలు, నియామకాలు వివాదమయ్యాయి. స్థానిక ఉపాధ్యాయులను కదిలించి ఆ స్థానాల్లో ముల్కీలు కానివారిని వేస్తున్నారనీ, ముల్కీ సర్టిఫికెట్లు తప్పుడు దారిన పుట్టుకొస్తున్నాయనీ ఆరోపణ. వరంగల్ కాంగ్రెస్ నాయకుడు హయగ్రీవాచారి జులైలోనే ముఖ్యమంత్రికి లేఖ రాశారు. విద్యార్థులు కార్యాచరణ సంఘం కట్టారు. విచారణ కోసం విద్యాశాఖ ఉన్నతాధికారి షెండార్కర్ వరంగల్ వచ్చింది ఆగస్టు చివరి వారంలో. లేఖకూ విచారణకూ మధ్య దాదాపు నెల గడిచింది. ఆ నెలలోనే విన్నపం ఊరేగింపుగా, ఊరేగింపు లాఠీచార్జిగా మారింది.

'నాన్ ముల్కీ గో బ్యాక్', 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్న నినాదాలు అప్పుడే పుట్టాయి. రెండో నినాదం చాలామందికి గుర్తుండిపోయింది. అది ఒకరి తిండిని పట్టుకుని మనిషిని వేలెత్తి చూపిన మాట. కడుపు మండి అన్నదే కావచ్చు, అయినా అది గాయపరిచిన మాటే. మరో సంగతి కూడా ఆ నినాదం చెబుతోంది. అవతలివాళ్లను వేరు చేసి చూపడానికి ఉద్యమకారులకు భాష పనికిరాలేదు. భాష ఒకటే కాబట్టి మరో గుర్తు వెతుక్కోవలసి వచ్చింది. మద్రాసు ఫలహారం ఆ గుర్తయింది.

సెప్టెంబర్ కాల్పుల తర్వాత ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్‌మోహన్‌రెడ్డితో విచారణ జరిపించింది. ముల్కీ నిబంధనల అమలును పరిశీలించడానికి మంత్రివర్గ ఉపసంఘాన్ని వేసింది. జులైలో వచ్చిన లేఖకు జవాబుగా చేయగలిగిన పని సెప్టెంబర్‌లో ప్రాణాలు పోయాక మొదలైంది. ఈ వ్యాసానికి అందిన ఆధారాల్లో అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

భాషా, కొలువా: మూడు పరీక్షలు

ఘర్షణకు మూలం భాషలో తేడాయే అయితే కొన్ని గుర్తులు కనిపించాలి. కొలువుల పోటీయే అయితే మరికొన్ని కనిపించాలి. మూడు ప్రశ్నలతో చూద్దాం.

మొదటిది, గొడవ ఎక్కడ మొదలైంది? భాషలు కలిసే చోట్లు వరంగల్‌లో కొత్తవి కావు. 1934లో స్థాపించిన ఆజంజాహి మిల్లు, కాజీపేట రైల్వే జంక్షన్, గంజి బజారు అన్నీ పలు భాషలవారు పక్కపక్కన పనిచేసిన చోట్లే. ఆందోళన వాటిలో మొదలు కాలేదు. బడుల్లో మొదలైంది. భాషే ఉద్యోగార్హతగా మారిన శాఖ విద్యాశాఖ. బజారులో అవతలివాడి భాష రాకపోతే బేరం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. బడిలో ఆ భాష రాకపోతే కొలువే ఉండదు. ఈ తేడాను నేను బలమైన ఆధారంగా చూస్తాను.

రెండోది, ఏం అడిగారు? ప్రధాన డిమాండ్లు నియామకాల గురించి, సర్టిఫికెట్ల తనిఖీ గురించి. తెలుగు మాధ్యమం వద్దనలేదు. కోస్తా పాఠ్యపుస్తకాలు తీసేయాలన్నది ముందు వరసలో లేదు. ఇది కొలువుల వాదానికి బలం.

మూడోది, ఎక్కడ అంతగా రాజుకోలేదు? ముల్కీ నిబంధనలు రాష్ట్రమంతటికీ ఒకటే. ఉర్దూ చదువు విలువ తగ్గింది కూడా అంతటా. అయినా ఆందోళన ప్రధానంగా తెలంగాణ జిల్లాల్లో, హైదరాబాద్ నగరంలో సాగింది. మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో ఆ స్థాయిలో లేదు. దీనికి కారణాలు ఒకటికి మించి ఉండవచ్చు. తెలుగు జిల్లాలకు ఆనుకునే, అదే భాషలో బాగా చదువుకున్న ఉద్యోగార్థులు పెద్ద సంఖ్యలో ఉండడం అందులో ఒకటని నా అంచనా. భాష ఒకటి కాకపోయి ఉంటే కోస్తా ఉపాధ్యాయుడు వరంగల్ బడిలో పాఠం చెప్పగలిగేవాడే కాదు. పోటీకి దారి తీసింది భాషల మధ్య దూరం కాదు, దగ్గరితనం.

మైరన్ వీనర్ అస్సాం, ఛోటా నాగపూర్, హైదరాబాద్‌లను పోల్చి చూశాడు. స్థానికుల్లో కొత్తగా చదువుకున్న మధ్యతరగతి తయారై, తాము కోరుకునే కొలువులు అప్పటికే వలస వచ్చినవారి చేతుల్లో కనిపించినప్పుడు ఇలాంటి ఉద్యమాలు వస్తాయన్నది ఆయన తేల్చిన ముఖ్య విషయం. వరంగల్ ఈ నమూనాకు సరిపోతుంది. ఒక చేర్పు మాత్రం అవసరమని నాకు అనిపిస్తుంది. ఇక్కడ స్థానిక మధ్యతరగతి చదువుకోక వెనకబడలేదు. చదువుకున్నది. చదివిన భాషను రాజ్యం పక్కన పెట్టేసింది.

మాటతీరు: గాయం ఎక్కడ

అయితే మాటతీరు ఎగతాళి సంగతి కట్టుకథా? కాదు. 1952 కంటే ముందే దానికి ఆధారం ఉంది. తెలంగాణలో కవులు లేరన్న మాట వినిపించినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదించలేదు, సాక్ష్యం చూపారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. చిన్నచూపు ఉండబట్టే జవాబు అంత పెద్దదైంది.

వరంగల్ వాసులు తమ మాటకు గొంతుగా భావించే కాళోజీ నారాయణరావు బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష రావాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కాళోజీ 1914లో పుట్టింది నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో. తల్లి కన్నడం, తండ్రి మరాఠీ మూలాలవారు. ఆ కుటుంబం మడికొండలో స్థిరపడింది. తెలంగాణ యాసకు ఇంత గౌరవం తెచ్చిన మనిషి ఇంటి మూలాల్లో తెలుగు లేకపోవడం, వలస వచ్చినవారు ఊరి భాషకు పరాయివారే అవుతారన్న వాదానికి తిరుగులేని జవాబు. ఆయన మొదట్లో విశాలాంధ్రను సమర్థించి, తర్వాత ఆచరణ చూసి ప్రత్యేక తెలంగాణ వైపు నిలిచారు. అంటే తొలి నుంచీ బయటివారి మీద ద్వేషంతో మాట్లాడిన గొంతు కాదది.

నా అంచనాలో మాటతీరు ఎగతాళి 1952 ఘర్షణను పుట్టించలేదు, దాన్ని బతికించింది. కొలువు పోయిన బాధ ఒక తరానిది. తరగతిలో తన ఇంటి మాటకు నవ్వు ఎదురైన పిల్లవాడి బాధ తర్వాతి తరానికీ అందింది. ఇది జ్ఞాపకాల మీద ఆధారపడిన నిర్ధారణ. పైన చెప్పిన మూడు పరీక్షలంత గట్టిది కాదు.

మయామీ వైపు ఒక చూపు

వలస, భాష, కొలువు కలిసి రాజుకున్న మరో ఊరితో పోలిస్తే ఈ వాదం బలాబలాలు తెలుస్తాయి. అమెరికాలోని మయామీకి 1959 క్యూబా విప్లవం తర్వాత క్యూబన్లు రావడం మొదలైంది. తొలి విడతలో చదువుకున్నవారు, వ్యాపారులు ఎక్కువ. 1973లో ఆ ప్రాంతపు డేడ్ కౌంటీ తనను తాను రెండు భాషల కౌంటీగా ప్రకటించుకుంది. 1980 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మారియల్ రేవు నుంచి పడవల్లో సుమారు 1,25,000 మంది వచ్చారు. ఆ నవంబర్‌లోనే కౌంటీ ఓటర్లు, ఇంగ్లీషు తప్ప మరో భాష వాడకానికి కౌంటీ డబ్బు ఖర్చు చేయకూడదన్న చట్టాన్ని నెగ్గించారు. అది 1993లో గానీ రద్దు కాలేదు.

ఆ వలస స్థానికుల కూలిని దెబ్బతీసిందా? ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో, తక్కువ నైపుణ్యం ఉన్న స్థానికుల వేతనాలపై చెప్పుకోదగ్గ ప్రభావం లేదన్నాడు. 2017లో జార్జ్ బోర్హాస్ అవే ఏళ్లను మరో రకంగా లెక్కించి, హైస్కూలు పూర్తి చేయని పురుషుల వేతనాలు బాగా పడిపోయాయన్నాడు. 2019లో జొవాన్ని పేరీ, వాసిల్ యాసెనోవ్‌లు అలాంటి తగ్గుదల కనిపించడం లేదన్నారు. కొలతలు ఇంత బాగా ఉన్న ఊరి విషయంలోనే పండితులు ముప్పై ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నారు. 1952 వరంగల్‌లో ఎవరి కొలువు ఎవరు తీసుకున్నారన్న దానిపై ఢంకా బజాయించి చెప్పేవారి మాటను మనం జాగ్రత్తగా వినాలి.

పోలికకు హద్దులున్నాయి. మయామీలో భాషలు రెండు, వరంగల్‌లో ఒకటి. అక్కడ వచ్చినవాళ్లు దేశం దాటి వచ్చారు, ఇక్కడ రాష్ట్రం దాటి వచ్చారు. అయినా ఒక్క పోలిక గమనించదగ్గది. మయామీ ఓటర్ల చట్టం వీధిలో స్పానిష్ మాటను ఆపలేదు. దాని గురి సర్కారు ఖర్చు మీద, సర్కారు కాగితం మీద. వరంగల్ విద్యార్థుల గురి కూడా సర్కారు నియామకపత్రం మీదే. ఇరుగుపొరుగు మాటల్లో తేడాను జనం ఓర్చుకుంటారు. ఆ తేడాను సర్కారు ఒకరికి లాభంగా, మరొకరికి నష్టంగా మార్చినప్పుడు ఓర్పు సన్నగిల్లుతుంది. రెండు ఊర్లతో సూత్రం కట్టలేం. ఇంకా పరీక్షించదగిన ఊహ అని మాత్రం అనగలం.

నిబంధనలు మారిన తీరు

1952 తర్వాతి పత్రాలు కూడా ఈ ఊహకు దగ్గరగానే ఉన్నాయి. విద్యలో వెనకబడిన తెలంగాణవారు ముందున్న కోస్తావారి చేతుల్లో మునిగిపోతామని భయపడుతున్నారని పునర్విభజన సంఘం 1955లో గుర్తించింది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో కొలువుకూ భాషకూ పక్కపక్కనే చోటు దక్కింది. తెలంగాణ ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం ఉండాలన్నారు. పాలనలో, కోర్టుల్లో ఉర్దూ స్థానం అయిదేళ్లు కొనసాగాలన్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడు తెలుగు రావాలని పట్టుబట్టకూడదనీ, చేరిన రెండేళ్లలో తెలుగు పరీక్ష ప్యాసైతే చాలనీ రాసుకున్నారు. అర్హత భాష మారినప్పుడు నేర్చుకునే వ్యవధి ఇవ్వాలన్న వివేకం అది. 1948లోనే ఆ వివేకం చూపి ఉంటే 1952 వేరుగా ఉండేదేమో. దీన్ని రుజువు చేయలేం గానీ తోసిపుచ్చడానికీ కారణం లేదు.

తర్వాతి కథ తెలిసిందే. పదిహేనేళ్ల నివాసాన్ని నిలబెట్టిన 1957 చట్టంలోని ప్రధాన భాగం తెలంగాణకు చెల్లదని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ ఏడు తెలంగాణ అట్టుడికింది. పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న అదే కోర్టు తీర్పు చెబితే కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం, ఆపై రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి.

ఆ ఉత్తర్వు ఒక మౌలికమైన మార్పు తెచ్చింది. స్థానికుడెవరన్నది పుట్టుకతోనో పదిహేనేళ్ల కాపురంతోనో కాకుండా ప్రధానంగా చదువుతో తేల్చింది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడు. వరంగల్ అప్పుడు ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మంతో కలిసి అయిదో జోన్‌లో ఉండేది. తెలంగాణ ఏర్పడ్డాక 2018లో వచ్చిన ఉత్తర్వు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్ల చదువును లెక్కలోకి తీసుకుంది. 1975 ఉత్తర్వు అమలులో ఉల్లంఘనలు జరిగాయి. వాటిని సరిదిద్దడానికి 1985 డిసెంబర్‌లో 610 జీవో, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ రావలసి వచ్చింది. కొలమానం మాత్రం అప్పటి నుంచీ బడే.

వరంగల్ నుంచి వెళ్లినవాళ్లు

ఈ చర్చలో వరంగల్ ఎప్పుడూ వలసలు వచ్చే ఊరుగానే కనిపిస్తుంది. అది సగం నిజం. ఇక్కడి పద్మశాలి నేత కార్మికులు బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్, భివండీ, సూరత్ వెళ్లారు. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు ప్రభుత్వం చెప్పిన ఉద్దేశాల్లో ఒకటి, అలా వెళ్లినవారిని వెనక్కి రప్పించడం. మహారాష్ట్రలో 1966లో శివసేన దక్షిణాదివారికి వ్యతిరేకంగా గొంతెత్తినప్పుడు, ఆ గడ్డ మీద కూలి చేసుకుంటున్న తెలుగువాళ్లు 'బయటివాళ్లు'. వరంగల్ ఇంట్లో అన్న స్థానికుడు, భివండీలో తమ్ముడు స్థానికేతరుడు. ఒకే కుటుంబం రెండు వైపులా నిలబడిన చోట, హక్కు అడిగేటప్పుడు వాడే మాటను అవతలి ఊళ్లో మన మీద వాడితే ఎలా ఉంటుందో ఆలోచించే బాధ్యత మనకు ఎక్కువ.

ఆధారాలు తేల్చేది

చెప్పగలిగినవి నాలుగు మాటలు. ఒకటి, 1952 వరంగల్ ఘర్షణలో భాష ఉంది, కానీ అది ఇళ్లలో, బజారులో మాట్లాడిన భాష కాదు, పట్టా మీద ఉన్న భాష. రెండు, భాష ఒకటి కావడం ఘర్షణను ఆపలేదు. పోటీకి ఉన్న అడ్డును తీసేసింది. మూడు, స్థానికుల ఫిర్యాదులో న్యాయం ఉంది. దాన్ని సకాలంలో వినే ఏర్పాటు లేకపోవడం వల్ల అది మనుషుల మీద కోపంగా మారింది. నాలుగు, ఎగతాళి ఆ కోపానికి దీర్ఘాయువు పోసింది. మొదటి మూడింటికీ ఆధారం గట్టిది, నాలుగోదానికి మధ్యస్థం.

వీటి నుంచి ఇప్పటికి పనికొచ్చేది ఒకటుంది. ఈనాడు వరంగల్‌కు బిహార్, ఒడిశా కార్మికులు వస్తున్నారు. మన బడులు తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషుకు మారుతున్నాయి. తెలుగులో చదివిన పల్లె పిల్లలు రేపటి కొలువుల ముందు, 1948 తర్వాత ఉర్దూ చదివిన యువకుడి స్థానంలోనే నిలబడవచ్చు. అప్పుడు చేయని మూడు పనులు ఇప్పుడు చేయవచ్చు. మాధ్యమం మార్చేటప్పుడు పాత మాధ్యమం వారికి నేర్చుకునే వ్యవధి, తర్ఫీదు ఇవ్వాలి. స్థానికత ధ్రువపత్రాల తనిఖీని ఎవరైనా చూసుకునేలా బహిరంగం చేయాలి. ఫిర్యాదుకు నెల తిరక్కుండా జవాబు ఇచ్చే అధికారి జిల్లాలోనే ఉండాలి. ఇవేవీ వచ్చినవారికి వ్యతిరేకం కావు. ముల్కీ నిబంధన కూడా, ఎన్ని లోపాలున్నా, బయటివాడికి ఇక్కడివాడయ్యే దారి మూసేయలేదు. ఆ దారిని తెరిచే ఉంచుతూ ఇక్కడి పిల్లల చదువుకు దక్కాల్సిన విలువ దక్కించడం సాధ్యమే. అది ఉద్యమాల మీద వదిలేయాల్సిన పని కాదు. పాలకులు ముందే చేయాల్సిన పని.